బాండు రాస్తే పోతుందండీ!

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంజన్ మొత్తం విప్పి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేయించి, వేలకు వేలు పోసిన తర్వాత ‘నీళ్లు కారుతున్నాయయ్యా’ అంటే, మెకానిక్ గారు జేబులోంచి బాండు, అంటే సిలికాన్ ట్యూబు, తీసి అనే మాట ఇదే.

మా బావమరిదికి విశాఖలో ఒక పాత జెట్‌స్కీ ఉంది. రెండు సిలిండర్ల టూ స్ట్రోకు. ఇంజన్ పని అయ్యాక రుషికొండ దగ్గర సముద్రంలోకి దించితే బ్రహ్మాండంగా పరుగెత్తింది. ఒడ్డుకొచ్చి సీటెత్తి చూస్తే అడుగున బకెట్టుడు నీళ్లు! ఆనాటి నుంచి ఆ మెకానిక్‌కీ నాకూ పడదు. బండి నాది కాదు, డబ్బూ నాది కాదు, అయినా పడదు.

మోటోక్రాస్ పోటీల్లో మట్టిలో పడీ పడీ విసిగిన క్లేటన్ జాకబ్సన్ అనే అమెరికా ఆయనకు, నీళ్లమీదైతే పడ్డా దెబ్బ తగలదు కదా అని తట్టిందట. అలా పుట్టిన జెట్‌స్కీని కవాసాకీ వాళ్లు 1973లో బజారుకు తెచ్చారు. పడేవాడి సుఖం చూశారు, బాగుచేసేవాడి సుఖం ఎవరికీ పట్టలేదు. ఇంజన్ ఉండే ఆ ఇరుకులో చెయ్యి దూరితే గడియారం ఊడొస్తుంది.

ఇలాంటి పాత బండికి రేడియేటరు ఉండదు. వెనకనున్న పంపే కొంత నీటిని గొట్టంలోకి తోస్తుంది. అది ఎగ్జాస్టు, సిలిండర్లు, హెడ్ చుట్టూ తిరిగి పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి చిమ్ముతుంది. కాబట్టి లీకు ఎక్కడో తెలియాలంటే ముందు ఎప్పుడు కారుతోందో చూడాలి. ఇంజన్ ఆపి ఊరికే నీళ్లలో వదిలినా లోపల నిండుతుంటే షాఫ్టు సీలో, వెనక బిరడాలో, పడవ అడుగో అనుమానించాలి. ఇంజన్ తిరిగినప్పుడే వస్తుంటే గొట్టాల మీదా గ్యాస్కెట్ల మీదా కన్నెయ్యాలి. అంతా పొడిగా తుడిచి పౌడరు చల్లితే, తడి చార దారి చెప్పేస్తుంది. పౌడరు డబ్బా ఎంతని!

మా వాడి బండిలో దొంగ హోస్ క్లిప్పు. ఇంజన్ కొత్తది చేసి పాత క్లిప్పులే బిగించారు. ఈ క్లిప్పుల సంగతి చెబితే తెల్లారుతుంది. ‘స్టీలండీ’ అని అమ్ముతారు. పట్టీ స్టీలే, దాన్ని బిగించే మర మామూలు ఇనుము. అయస్కాంతం పెడితే ఠక్కున అంటుకుంటుంది. ఉప్పునీళ్లు ముందు ఆ మరనే తినేస్తాయి. ఇక హెడ్ దగ్గరికొస్తే, రెండు ముఖాలూ శుభ్రంగా గీకి, వంకర ఉందేమో చూసి, బోల్టులు మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, విడతలు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. అక్కర్లేని చోట బాండు పులిమితే, పిండుకుని లోపలికి జారిన ముక్క సన్నటి నీటి దారిలో అడ్డం పడుతుంది. లీకు ఆగుతుంది, ఇంజన్ కాలుతుంది.

కోనసీమలో మా మేనమామ గారి ఆయిలింజన్ దగ్గర ఈ బాండు ట్యూబు నేనెన్నడూ చూడలేదు. పంపు షాఫ్టు చుట్టూ గ్లాండులో గ్రీజు పట్టించిన నూలుతాడు చుట్టేవాడు. అక్కడ చుక్కా చుక్కా పడుతూనే ఉండాలి. ‘పూర్తిగా బిగించకురా, షాఫ్టు కాలిపోద్ది’ అనేవాడు. ఆ చుక్కలు వృథా పోకూడదని కింద పుదీనా పెంచాడు. అదేం పుదీనా! ఆకు అరచెయ్యంత.

పనిలో పని, ఇంటి దగ్గర జెట్‌స్కీకి కొళాయి గొట్టం తగిలించి లీకు చూసుకునేవారికి ఒక మనవి. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి వెంటనే నీళ్లు తిప్పండి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి తర్వాత ఇంజన్ ఆపండి. తిరగేసి చేశారో, ఎగ్జాస్టు దారిన నీళ్లు సిలిండర్లోకి పోతాయి. అప్పుడిక లీకు గొడవ ఉండదు, మళ్లీ ఇంజన్ పనే.