పెన్న పుట్టినచోటికి రెండు దినముల ప్రయాణము



ఈ వ్యాసమునకు "పరదేశయాత్ర" యని పేరు పెట్టుదు నన్నప్పుడు మావారు నవ్విరి. మేము సముద్రమును దాటలేదు, విమానము నెక్కలేదు. శనివారము తెల్లవారుజామున అనంతపురమున బయలుదేఱి, కొడికొండ తనిఖీ కేంద్రము నొద్ద రాష్ట్రపు పొలిమేర దాటి, కన్నడదేశమున నందికొండను జూచి, ఆదివారము రాత్రికి ఇల్లు జేరితిమి. అయినను పొయ్యి, పాలు, కుళాయినీళ్ళ వంతు, వీనిని రెండు దినములు మఱచియుండుట ఇల్లాలికి పరదేశమే యని నా మతము.

మేము నలుగురము: బ్యాంకులో నుద్యోగము సేయు నొక చెలి, ఆసుపత్రిలో నర్సుగా నున్న మఱియొక చెలి, మా పొరుగింటి వదిన, నేను. వదిన మాకందఱకును బెద్దది. చీటీ సొమ్ము చేతికి వచ్చిన నెలలో నందఱము గలసి కారు కుదుర్చుకొంటిమి. శుక్రవారము రాత్రి నేను రెండు దినములకు సరిపడు వంటకములు చేసిపెట్టుచుండగా మా యత్తగారు వంటయింటిలోనికి వచ్చి, "పోయేదానివి పోక మాకెందుకమ్మా ఇన్ని? మేము వండుకోలేమా?" అని, ఓళిగల పూర్ణమును దామే రుబ్బ గూర్చుండిరి. ఆ మాటతో నా ప్రయాణము సగము జరిగినట్లే యయ్యెను.

మా సీమ ఎండభూమి. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన; అదియైనను గురియవలసిన నెలలో గురియదు. చెనిక్కాయ విత్తి మబ్బువంక జూచుటయే మా రైతుల వ్రతము. 2022లో జిల్లాను రెండు చేసినప్పుడు పెనుకొండ, లేపాక్షి, హిందూపురము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి బోయినవి గాని, కఱవును మాత్రము పంచుకొన నక్కఱలేకపోయెను. ఇరువురకును సమృద్ధిగానే మిగిలినది.

పెనుకొండ చేరునప్పటికి సూర్యోదయమయ్యెను. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధము పిమ్మట విజయనగరమును విడిచి వచ్చిన తిరుమలరాయలు రాజధానిగా జేసికొన్న కొండ యిది. కోటను దూరమునుండియే చూచి, మేము ముందు ఉగ్గానికై నిలిచితిమి. ఇతర జిల్లాల సోదరీమణుల కొఱకు జెప్పుచున్నాను: బొరుగులను నీళ్ళలో దడిపి పిండి, ఉల్లి, పచ్చిమిరపకాయ, పసుపుతో దిరుగబోసి, పైన పుట్నాలపొడి చల్లినచో నదియే ఉగ్గాని. ప్రక్కన మిరపకాయ బజ్జీ యుండితీరవలెను. నా యెదుట ప్లేటు పెట్టినవారు వేఱొకరు; మారు వడ్డించినవారు వేఱొకరు. ఎవరికేమి చాలినదో, ఎవరికి జాలలేదో చూడక, నా ప్లేటు మాత్రము నేను జూచుకొని తింటిని. బజ్జీ పొగలు గ్రక్కుచుండెను. తన యింట వేడిబజ్జీ తిన్న గృహిణి యెవ్వతెయైన గలదేని నాకు వ్రాయ గోరుచున్నాను.

లేపాక్షిని గూర్చి పలువురు వ్రాసియున్నారు గాన నేను విస్తరింపను. అచ్యుతరాయల కాలమున విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించిన వీరభద్రాలయపు మంటపము పైకప్పున వ్రాసిన చిత్రములలో, స్త్రీల చీరల యంచులను మెడ నొచ్చువఱకు జూచితిమి. ఒక్క యంచు వలె మఱియొక యంచు లేదు. బ్యాంకు చెలి వానిని ఫోనులో బట్టుకొని, తన నేతగానికి జూపెదననెను. ఏకశిలా నందికి సమీపమున నొక చెట్టునీడను జిత్రాన్నము, జొన్నరొట్టెలు, ఊరిబిండి, పెరుగన్నము విప్పితిమి. ఓళిగలు మాత్రము దాచితిమి.

పొలిమేర దాటగానే భాష మాఱునని నేననుకొంటిని. మాఱలేదు. బాగేపల్లెలో కాఫీ యిచ్చిన ముసలాయన, "యాడినుంచి వస్తున్నారమ్మా?" అని మా యాసతోనే యడిగెను. పలకమీది యక్షరములు కన్నడము, నోటి మాట తెలుగు. తెలుగునను కన్నడమునను బాడిన కైవార నారాయణ తాతగారి సీమ యిది. ఆ రాత్రి నందిగ్రామమున మా కన్నములో వడ్డించిన రాగిముద్దయు, ఆకుకూరసారును మా సంగటి, పప్పుకూరలకు జుట్టములే. అయితే వారి ముద్ద మా సంగటికంటె నున్ననిది. మాదానిలో బియ్యపు మెతుకు తగులును. ఏది మేలను వాదము పండుకొనువఱకు సాగెను.

ఆదివారము తెల్లవాఱకముందే కొండ యెక్కితిమి. దాని యెత్తు 1,478 మీటర్లు. మబ్బు కాళ్ళక్రింద నుండెను; మబ్బుకొఱకు దలయెత్తి చూచుట యలవాటైనవారికి దలవంచి చూచుట వింతగా నుండదా? ఈ కొండల వరుసలోనే పెన్న, పాలాఱు, దక్షిణపినాకిని, అర్కావతి పుట్టినవి. చిన్ననాట మా నాయనగారు పురాణము చెప్పుచు, పినాకమన శివుని విల్లనియు, మన పెన్నయే పినాకిని యనియు జెప్పినప్పుడు, ఎన్నడును నీరు గనబడని యా యేటికి నంతటి పేరేల యని యడిగితిని. ఇచటి చలిలో దడిసిన ఱాళ్ళను ముట్టినప్పుడు నా ప్రశ్నకు సగము సమాధానము దొరకినది.

కొండదిగువ భోగనందీశ్వరాలయమును సేవించి, అటుపిమ్మట ద్రాక్షతోటకు బోయితిమి. ఇచ్చటి నల్లద్రాక్షకు "బెంగుళూరు నీలి" యని పేరు. 1988లో కన్వల్ గ్రోవర్ అనునాయన దొడ్డబళ్ళాపురము దగ్గఱ ఫ్రాన్సు దేశపు తీగల తోటను స్థాపించినది మొదలు, ఈ ప్రాంతమున ద్రాక్షాసవము చేయు పరిశ్రమ పెరిగినది. మేము పోయినది మాఘమాసము, గుత్తులు నిండియుండెను. తీగ మొదట సన్నని నల్లగొట్టమునుండి బొట్టు బొట్టుగా నీరు పడుచుండెను. మా చీనీతోటలకును నిదే పద్ధతి గాన మాకు గ్రొత్త గాదు. క్రొత్తదేమనగా, ఏటికి రెండుసారులు కొమ్మలు కత్తిరించి యొక్క పంటనే తీయుదురట. చలిదేశములలో శీతకాలము చేయు పనిని ఇచ్చట కత్తెర చేయుచున్నది.

తోట చూపిన యమ్మాయి బాగేపల్లెదే. ద్రాక్షను నలిపి, తోలుతో గూడ బులియనిచ్చినచో నెఱ్ఱనిదియు, తోలు ముందే తీసివేసినచో దెల్లనిదియు నగునని చెప్పెను. తీపిని మద్యముగా మార్చునది ఈస్టు. ఆ పులిసినదానిని ఓక్ కొయ్యపీపాలలో నుంచుట పరిమళముకొఱకు. ఇదంతయు మనకు వింతయేమి గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్రాక్షరసపు మధువునకు కాపిశాయనము, హారహూరకము అని పుట్టిన దేశములనుబట్టి పేళ్ళు గలవు. నర్సు చెలి, "బాలింతలకు మనమిచ్చే దశమూలారిష్టం మాత్రం ఏమిటి? అదీ పులిసినదే కదా!" అని నవ్వెను.

రుచిచూచు గదిలో బల్లమీద నాలుగు గాజుపాత్రలు పెట్టిరి. వదిన గుమ్మముకడనే నిలిచిపోయెను.

"మీరు పోండి. నేను పందిరి కింద కూచుంటా."

మాకందఱకును గారణము దెలియును. ఆమె యన్న సారాకు బలియయ్యెను. అది 1992కు ముందటి మాట. ఆ సంవత్సరమే నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై దిరుగబడిరి. ఆ నిప్పు రాష్ట్రమంతయు బ్రాకి 1993లో సారాను, 1995లో మద్యమంతటిని నిషేధింపజేసెను. మద్యనిషేధము 1997లో సడలిపోయినది. పెన్న సముద్రమున గలియునది యా నెల్లూరు జిల్లాలోనే.

నేను పాత్ర నెత్తితిని. దాచనేల? ఒక గ్రుక్క త్రాగితిని. ముందు పులుపు, పిదప వగరు, వెనుకనెక్కడనో నేరేడుపండు వాసన. చెడ్డదనజాలను, మా చీనీరసముకంటె మేలనియు ననజాలను. ఎంత బలమని నే నడుగగా నూటికి 12, 13 పాళ్ళు మద్యమని యమ్మాయి చెప్పెను. గాజుపాత్రలో బోసినది రుచి యనియు, సంచిలో గట్టి యమ్మినది వ్యసనమనియు లోకమనును గాని, రెంటిలో నుండు పదార్థమొక్కటియే. కూలివాని కొంప గూలినప్పుడు గాజుపాత్రవారి కది వినబడలేదు. ఈ తలపు వచ్చినపిమ్మట రెండవ గ్రుక్క మ్రింగుడుపడలేదు. చెలులిరువురు సంతోషముగా ద్రాగిరి. వారిని నేను దప్పుపట్టను. నా పాత్ర చేతబట్టుకొని పందిరి క్రిందికి వచ్చితిని.

"ఎట్లుంది?" అని వదిన యడిగెను.

"నేరేడుకాయ కషాయం మాదిరి ఉంది వదినా."

ఆమె చేయి చాచి పాత్రను దీసికొని, త్రాగక, చాలసేపు వాసన చూచెను. "మా అన్న దగ్గర వచ్చే వాసన ఇది కాదులే" అని నాకు మరల నిచ్చి, సంచి విప్పి ఓళిగలు దీసెను. రెండు దినములకు గూడ మా యత్తగారి పూర్ణము చెడలేదు. పందిరి క్రింద గూర్చుండి చెరి రెండు తింటిమి. నేయి లేదు, అవసరమును గలుగలేదు.

తిరుగుదారిని గౌరీబిదనూరు, హిందూపురముల మీదుగా వచ్చితిమి. గౌరీబిదనూరు కడ పెన్న నంతయు నిసుకగానే చూచితిమి. ఉదయము కొండమీద ముట్టిన తడి పుట్టినింట నుండగనే ఇంకిపోయినట్లున్నది. డ్రైవరు కారు నాపుదునా యని యడిగెను గాని, చీకటిపడుచుండుటచే వలదంటిమి.

ఇంట మావారును పిల్లలును నిద్రించుచుండిరి. అత్తగారు మాత్రము మేల్కొనియుండిరి. వంటయింట గిన్నెలు కడిగి బోర్లించియుండెను. దొడ్డబళ్ళాపురము త్రోవలో గొన్న నల్లద్రాక్షగుత్తిని వారి చేతి కిచ్చితిని. "పుల్లగున్నాయే! గింజలు గూడా పెద్దవి" అనుచు నొక్కొక్కటే గుత్తి యంతయు దిని, తొడిమను గిన్నెలో వేసి, "మళ్ళా ఎప్పుడు పోతారు?" అని యడిగిరి.