చాయ్ కట్టిన గూడు

మా ఇంట్లో రెండు కుందేళ్లున్నాయి. గోధుమరంగుది చాయ్, క్రీమ్ కలర్‌ది బిస్కెట్. దసరా తర్వాత దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక షాపులో కొన్నాను. అప్పటికి రెండింటికీ రెండు నెలలుంటాయేమో. రెండూ ఆడవే అని చెప్పి ఇచ్చారు.

మేముండేది బాటసింగారంలో. నాన్న పండ్ల మార్కెట్లో గుమాస్తా. మార్కెట్ కొత్తపేట నుంచి ఇక్కడికొచ్చాక మేమూ వెనకాలే వచ్చేశాం. నాకు మాత్రం ఆఫీసు దూరమైపోయింది. ఎల్బీనగర్ దాకా బండి, అక్కణ్ణుంచి మెట్రో, అమీర్‌పేటలో దిగి మళ్లీ ఇంకో మెట్రో. రాత్రి ఇంటికొచ్చేసరికి సగం ప్రాణం పోయుండేది. వచ్చి నేల మీద పడుకుంటే రెండూ వచ్చి నా చుట్టూ తిరిగి, చివరికి ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోయేవి. ఒకటి తల వంచితే రెండోది నాకేది. కుందేళ్లలో అలా కుదిరిన జోడీ అంటే మామూలు విషయం కాదు. చాలా కుందేళ్లు ఇంకోదాన్ని దగ్గరికే రానివ్వవు.

మార్చిలో అంతా తలకిందులైంది.

మొదట చాయ్ బాల్కనీలో ఓ మూలకి అతుక్కుపోయింది. నాన్న మామిడి పెట్టెల్లో వేసే వరిగడ్డి తెచ్చి పెడితే, దాన్ని మీసాల్లా నోటికి రెండు పక్కలా పట్టుకుని మోసుకెళ్లి మూలలో కుప్ప పోసింది. నేను వీడియో తీసి స్టేటస్ పెట్టాను. అందరూ నవ్వుల ఎమోజీలు పెట్టారు. సాయంత్రానికి తన గదవ కింద బొచ్చు, పొట్ట మీద బొచ్చు తానే పీక్కుని గడ్డిలో పరిచింది. కింద చర్మం గులాబీ రంగులో కనపడుతోంది. బిస్కెట్ ఎప్పట్లాగే వెళ్లి తల వంచింది. చాయ్ గుర్రుమని మీద పడింది. మధ్యలో చెయ్యి పెట్టిన నాకూ ఒక గాటు పడింది. విడదీసేసరికి బిస్కెట్ చెవి అంచు చీలి రక్తం కారుతోంది.

"షాపోడు మోసం చేసిండ్రా. ఒకటి మగది. ఇదేమో..." అని అమ్మ ఆగిపోయింది.

ఎందుకంటే సోఫాలో అక్క ఉంది. ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మూడో నెలలో పోయింది తనకి. ఆ మాట మా ఇంట్లో ఎవరం పైకి అనం. 'ఆరోగ్యం బాలేక వచ్చింది' అంటాం. కడుపుతో ఉన్న కుందేలు, పిల్లలు, ఇవన్నీ అక్క ముందు ఎలా అనాలో ఎవరికీ అర్థం కాలేదు.

నాన్న ఆ రాత్రే తేల్చేశాడు. "ఒకదాన్ని మార్కెట్ల ఎవరికన్న ఇచ్చేద్దాం. ఒకదాన్నొకటి చంపుకునేటట్టున్నయ్."

తెల్లారి రెండింటినీ రెండు వేరే బుట్టల్లో పెట్టి, ఎల్బీనగర్‌లో కుందేళ్లను చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. (ఫోన్ చేసిన మొదటి రెండు చోట్ల కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు.) అక్క తనూ వస్తానంది. ఇంట్లోంచి బయటికి రావడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ చెవికి మందు రాసి, రెండింటినీ తిప్పి చూసి, "రెండూ ఆడవే" అంది. చాయ్ పొట్ట మెల్లగా తడిమి, "పిల్లల్లేవు" అంది. తర్వాత నన్ను ఒకటే అడిగింది. "ఒకటి ఇంకోదాని మీద ఎక్కడం ఎప్పుడైనా చూశావా?"

చూశాను. నవ్వొచ్చి వీడియో కూడా తీశాను. గ్యాలరీ వెతికితే తేదీ దొరికింది, మార్చి 3 రాత్రి. చాయ్ గూడు కట్టింది 20న. సరిగ్గా 17 రోజులు. సాఫ్ట్‌వేర్‌లో లాగ్స్ చూసి బగ్ ఎక్కడ మొదలైందో పట్టుకుంటాం కదా, అలా ఆమె ఆ తేదీతోనే కథంతా చెప్పేసింది.

ఆడ కుందేలుకి మనుషుల్లాగా నెలనెలా అండం విడుదల కాదట. జత కట్టాకే, ఆ ప్రేరణతో, దాదాపు పది గంటల తర్వాత విడుదలవుతుంది. చిక్కేమిటంటే ఆ ప్రేరణకి మగదే అక్కర్లేదు. ఇంకో ఆడది మీదెక్కినా ఒంటికి అదే సంకేతం అందొచ్చు. ఇక గర్భం నిలిచినట్టే ప్రొజెస్టెరాన్ పెరుగుతుంది. నిజం కడుపైతే 31 రోజులకి అటూ ఇటూగా ఈనుతుంది. ఇది 16 నుంచి 18 రోజులకే ఆగిపోతుంది. ఆగిపోయే సమయానికి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తన పని చేస్తుంది. గడ్డి మోయడం, బొచ్చు పీక్కోవడం, గూడు కట్టడం. సూడోప్రెగ్నెన్సీ అంటారట. అమ్మ భాషలో ఉత్తుత్తి కడుపు.

మరి బిస్కెట్‌ని ఎందుకు కొరికింది? పెంపుడు కుందేళ్లన్నీ స్పెయిన్, పోర్చుగల్ వైపు నేలలో బొరియలు తవ్వుకుని బతికిన యూరప్ అడవి కుందేళ్ల సంతతే. అక్కడ పిల్లల్ని పెట్టుకునే బొరియ కోసం ఆడవే ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. మా రెండు గజాల బాల్కనీలో ఆ మూల చాయ్‌కి బొరియ. అటు వచ్చింది ఎవరైనా సరే శత్రువే.

నాకు ఎంత తేలికైపోయిందో! ఆటోలో అక్కతో అన్నాను, "హమ్మయ్య. ఏం లేదక్కా, అంతా ఉత్తుత్తిదే. హార్మోన్లు."

అక్క బయటికి చూస్తూ కూర్చుంది. హయత్‌నగర్ దాటాక అంది.

"నన్ను గూడ గట్లనే అన్నరు. హార్మోన్లు, పదిరోజులైతే సర్దుకుంటదని. హార్మోన్లంటే లేనట్టా? అది బొచ్చు పీక్కుంటే నొప్పి లేకుండెనా?"

నా దగ్గర జవాబు లేదు. అన్న 'వాళ్లలో' నేనూ ఉన్నాను. ఆఫీసు నుంచి ఫోన్ చేసి సరిగ్గా ఆ మాటే అన్నాను.

ఇంటికెళ్లేసరికి అమ్మ చీపురుతో గూటి దగ్గరుంది. అక్క చీపురు లాక్కుంది. "డాక్టర్ తియ్యొద్దన్నది. దాని మనసు మళ్లేదాక ఉండనీయండ్రి." నిజమే, ఆమె అలాగే చెప్పింది. ఆ వారం అక్క మధ్యాహ్నాలు బాల్కనీలో గూటికి కాస్త దూరంగా, గోడకానుకుని కూర్చునేది. చాయ్ ఖాళీ గూడు మీద కాపలా కాసేది. ఇద్దరూ మాట్లాడుకునేది ఏమీ లేదు. ఐదో రోజున చాయ్ తన గూడు గడ్డిని తానే తినడం మొదలెట్టింది. అది చూసి అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది. తర్వాత బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

మిగిలింది ఆపరేషన్. గర్భాశయం, అండాశయాలు తీసెయ్యకపోతే ఇదంతా మళ్లీ వస్తుంది. పైగా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకి వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుందట. కుందేలుకి మత్తివ్వడం కుక్కకీ పిల్లికీ ఇచ్చినదానికంటే ప్రమాదమే. అది కూడా డాక్టరమ్మ దాచలేదు. "కుందేలుకు ఆపరేషన్ ఏందిరా" అన్నాడు నాన్న. నా బండి ఈఎంఐ రెండు నెలలంత అయింది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆపరేషన్ ముందు పస్తు పెట్టరు, ఇంటికొచ్చాక ఎంత త్వరగా తింటే అంత మంచిది. పేగు కదలిక ఆగిందంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ రాత్రి చాయ్ మొదటి గడ్డిపోచ నమిలేసరికి రెండున్నర. నాన్న కూడా మేలుకునే ఉన్నాడు.

తర్వాత ఆరు వారాలు మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కనే ఉంచాం. బాల్కనీ ఇద్దరిదీ కాదిప్పుడు. ఏ వాసనా అంటని చోట కలపాలన్నారు కాబట్టి రోజూ పావుగంట మెట్ల దగ్గర వదిలేవాణ్ణి, చేతికి మందపాటి టవల్ చుట్టుకుని. మొదట్లో రెండూ చెరో మూలకి తిరిగి కూర్చునేవి.

అక్క బావ దగ్గరికి వెళ్లిపోయిన మూడో రోజు, బిస్కెట్ మెల్లగా వచ్చి తల వంచింది. చాయ్ కదల్లేదు. నేను టవల్ బిగించాను. చాలాసేపయ్యాక చాయ్ ముందుకి వంగి ఆ చీలిన చెవిని నాకింది.

వీడియో తీసి అక్కకి పంపాను. బ్లూ టిక్ వెంటనే వచ్చింది. జవాబు రాత్రి పదకొండుకి.

"చాయ్‌కి పొట్ట మీద బొచ్చు వచ్చిందా?"