కుక్కను తిప్పేదెవరు?

ఆళ్లగడ్డలో మా ఆడపడుచు వాళ్లాయన రాట్‌వీలర్ పిల్లను తెచ్చాడు. ఇంట్లో మూడేళ్ల పిల్లాడు. "వదినా, ఇది ప్రమాదమైన జాతంట, నిజమేనా?" అని నాకు నంద్యాలకు ఫోన్ చేసింది.

2024 మార్చిలో కేంద్రం రాట్‌వీలర్, పిట్‌బుల్ సహా 23 జాతులను పెంచనివ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీ అబ్బాయి జర్మన్ షెపర్డ్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి చనిపోయాడు. ఆ జాతి ఈ జాబితాలోనే లేదు. మరుసటి నెల అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడి ప్రాణం తీసినవి వీధికుక్కలు.

అలాగని రాట్‌వీలర్‌తో ఆటలొద్దు. దాని దవడ బలం ఎక్కువ, కరిస్తే గాయమూ పెద్దదే. అందుకే ఆమెకు ఇవి చెప్పాను:

పగలంతా గొలుసేసి కట్టేయొద్దు, చిరాకు పెరుగుతుంది. పిల్లాణ్ణి దాని దగ్గర ఒంటరిగా వదలొద్దు. అది తింటుంటే అసలే పోనివ్వొద్దు. ఎవరైనా వస్తే ముందు కుక్కను పట్టుకొని, తర్వాతే గేటు తీయాలి. రేబిస్ టీకా మానొద్దు. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కుక్కను ముచ్చటపడి తెచ్చేది మగవాళ్లు, రోజంతా దాంతో ఉండేది మనం. తెచ్చేముందే అడగండమ్మా, రెండుపూటలా తిప్పేదెవరని!