అరచేతిలో రాయబారం

కృష్ణా జిల్లా మెట్టగా తరతరాలుగా పేరుపడి, 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో రంగస్థల కళకు ఆశ్రయమిచ్చినవి ప్రధానంగా తిరునాళ్లు, శ్రీరామనవమి పందిళ్లు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో మాఘ పౌర్ణమికి జరిగే తిరుపతమ్మ తిరునాళ్లను గాని, విగ్రహాలకు రంగులు వేయించడానికి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా తెచ్చే రంగుల ఉత్సవాన్ని గాని గమనిస్తే, ఇక్కడ వేడుక చూడటమనే పనికి తిథి, దారి, తోడు అన్నీ ముందే ఏర్పడి ఉండేవని అర్థమవుతుంది. నాటకం మీద మక్కువ గలవారు అది ఊరికి వచ్చే రాత్రి కోసం వేచి ఉండవలసిందే. బయానా పుచ్చుకొన్న నాటక సమాజం ఏ సీను ఆడితే అది, ఏ కృష్ణుడు వస్తే ఆ కృష్ణుడు. ఇంటర్నెట్ ఈ నిరీక్షణను తొలగించింది. అందువల్ల కాలు కదపకుండా వినోదం దొరకడం ఒక లాభమే గాని, అంతకన్నా విలువైనది మెట్ట ప్రాంతపు శ్రోత చెవికి కలిగిన పదును.

నిజానికి ఇంట్లో కూర్చొని నాటకం వినడం తెలుగువారికి కొత్త కాదు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాలు గ్రామఫోను రికార్డులుగా ఇళ్లకు చేరిన కాలం ఒకటి ఉంది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, వేషం గాని తెర గాని లేకుండా గొంతు ఒక్కదానితోనే సభ నిర్వహించవచ్చునని నిరూపించింది. తరువాత క్యాసెట్లు వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌక కావడం, 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల పందిళ్లన్నీ మూతపడటం ఈ వరుసలో చివరి మలుపులు. ఆ ఏడాదే లండన్‌లోని నేషనల్ థియేటర్ తాను చిత్రీకరించి ఉంచిన నాటకాలను యూట్యూబ్‌లో ఉచితంగా చూపింది. చెన్నైలో డిసెంబరు కచేరీల రుతువు సభల నుంచి తెరమీదికి మారింది. అటువంటి సంస్థలకు మంచి కెమెరాలు, శబ్దం ఎరిగిన నిపుణులు ఉంటారు. తెలుగు పద్యనాటకానికి దక్కినవి చాలావరకు అభిమానులు స్టేజీ ఎదుట ఒకే కెమెరా నిలిపి తీసిన రాత్రులు. అయినా వాటిని తక్కువగా చూడరాదు, ఎందుకంటే అనేక సమాజాల గురించి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

పద్యనాటకమంటే సంభాషణల మధ్య పద్యాలను రాగయుక్తంగా, హార్మోనియం శ్రుతిలో పాడే నాటకం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలలోని పడక సీను, రాయబారం, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను విడిగా ఆడదగినంత ప్రసిద్ధి పొందాయి; కాటి సీనులోనైతే గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలను నటులే తెచ్చి చేర్చారు, ప్రేక్షకులు వాటిని నాటకంలోవిగానే స్వీకరించారు. ఒకే రాత్రి ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొనే ఆచారం కూడా ఉంది గనుక, మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అనే మాటలు ఈ కళలో సహజం. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు పాడిన కృష్ణ పద్యాలను వెంటవెంటనే పోల్చి, ఒకరు పదాన్ని ఎక్కడ విరిచారో, మరొకరు రాగాన్ని ఎక్కడ నిలిపారో చెప్పగల శ్రోత నందిగామలో ఒక సామాన్యమైన ఇంట్లో ఈనాడు ఉండవచ్చు. పూర్వం ఈ పరిశీలన పరిషత్తు పోటీల న్యాయనిర్ణేతలకు, సమాజాల వెంట తిరిగిన కొద్దిమంది రసికులకు మాత్రమే సాధ్యమైంది. పద్యనాటకానికే కాదు, కూచిపూడికీ ఇది వర్తిస్తుంది: 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషాన్ని వేదికపై చూడని తరం సైతం చిత్రీకరణల ద్వారా ఆ నడకను, ఆ చూపును పరిచయం చేసుకొంటున్నది.

అయితే కెమెరా చూపించినదే చూడవలసి రావడం ఒక లోపం. పడక సీనులో దుర్యోధనుడు నిద్రిస్తున్న కృష్ణుడి తల వైపు ఆసనం మీద, అర్జునుడు కాళ్ల దగ్గర ఉంటారు. కృష్ణుడు కళ్లు తెరిచి ముందుగా అర్జునుణ్ణి పలకరించినప్పుడు అసలు నాటకం దుర్యోధనుడి ముఖంలో నడుస్తుంది. కెమెరా మాత్రం పాడుతున్న కృష్ణుణ్ణి వదలదు. పైగా దూరపు వరుసలకు కనబడేందుకు దట్టంగా వేసిన రంగు, అట్ట కిరీటపు అంచు దగ్గరి దృశ్యంలో బయటపడి భ్రమను చెదరగొడతాయి. ఫోను స్పీకరులో హార్మోనియం పలుకుతుంది గాని తబలా డగ్గా నాదం దాదాపు వినబడదు. పద్యం చివర తబలా ఇచ్చే ఊపు లేకపోతే నటుడు ఎందుకు ఆగాడో, సభ ఎందుకు చప్పట్లు కొట్టిందో శ్రోతకు బోధపడదు. కాబట్టి కొంచెం పెద్ద స్పీకరు గాని, కనీసం మంచి ఇయర్‌ఫోను గాని వాడటం ఈ కళ విషయంలో విలాసమనిపించుకోదు.

తెర ఇవ్వలేనిది మరొకటి ఉంది. పద్యం నచ్చితే సభ ‘వన్స్ మోర్’ అని అరుస్తుంది. నటుడు మళ్లీ ఎత్తుకొంటాడు, కాని అదే పద్యాన్ని అదే విధంగా పాడడు. రాగాన్ని పెంచుతాడు, ఒక మాటను కొత్తగా సాగదీస్తాడు, హార్మోనిస్టు వైపు ఒకసారి చూసి సాహసిస్తాడు. వేలితో వెనక్కి జరిపి పదిసార్లు విన్నా వీడియోలోని పద్యం మారదు, దానికి శ్రోత ఉన్నట్టే తెలియదు. అందువల్ల వీడియోలో మొదటిసారి పాడిన దానిని, వన్స్ మోర్ తరువాత పాడిన దానిని కలిపి ఉంచడం అత్యవసరం. నిడివి తగ్గించాలని రెండవదానిని కత్తిరించేవారు ఆ రాత్రి జరిగిన సృష్టినే తీసివేస్తున్నారు.

పేర్లు రాయకపోవడం ఇంకా పెద్ద నష్టం. అనేక వీడియోల కింద నాటకం పేరు, ప్రధాన నటుడి పేరు తప్ప మరేదీ ఉండదు. నటుడి శ్వాసను కనిపెట్టి శ్రుతి నిలిపిన హార్మోనిస్టు ఎవరో, తబలా ఎవరిదో, ఏ ఊరి పందిరో, ఏ సంవత్సరమో తెలియదు. సంగీత కచేరీ ప్రసారంలో పక్కవాద్యకారుల పేర్లు చెప్పడం ఆకాశవాణి ఏనాటినుంచో పాటిస్తున్న మర్యాద. జగ్గయ్యపేట ప్రాంతంలో పదేళ్ల క్రితం తీసిన వీడియోకైనా ఈ వివరాలను ఇప్పుడు చేర్చవచ్చు. ఆ రాత్రి ముందు వరుసలో కూర్చొని చూసిన పెద్దలను అడిగితే హార్మోనిస్టు పేరుతో పాటు అతడి ఊరు కూడా చెబుతారు.