ఖటోదరాలో ఒక ఆదివారం

విజయవాడలో సాయంత్రం ఎక్కితే, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మరునాటి మధ్యాహ్నానికి సూరత్ చేరుస్తుంది. వరంగల్లు దాటేసరికి పెట్టె నిండిపోయింది. బియ్యపు మూటలు, పచ్చడి సీసాలు, చంకలో బిడ్డలు. సిరిసిల్ల వైపు నుండి మరమగ్గాల పనికి తిరిగి పోతున్న కుటుంబాలవి. వారికది ఏటా చేసే ప్రయాణం. నేను మాత్రం మొదటిసారి వెళ్తున్నాను. సూరత్‌లో ఒక బట్టల కొట్టులో లెక్కలు వ్రాస్తూ పదకొండేళ్ళు గడిపిన నా తమ్ముడు వానకాలంలో గుండెపోటుతో పోయాడు. అతనిని మా ఊరికి తెచ్చి సమాధి చేసి అప్పటికి రెండు నెలలు. అతని గది ఖాళీ చేయవలసి వున్నది.

గది మాట అటుంచి, మా అమ్మ నాకు మరొక పని అప్పగించింది. “ఆ రాత్రి వాడి పక్కన ఎవరున్నారో కనుక్కునిరా” అన్నది. ఈ ప్రశ్న ఆమె రెండు నెలలుగా రోజూ అడుగుతూనే వున్నది. వాడితో పనిచేసేవారు ఫోనులో చెప్పిన సమాధానాలు ఆమెకు చాలలేదు.

పూర్వం సూరత్ చుట్టూ కోటగోడ వుండేది. గోడ పోయినా ద్వారాల పేర్లు మాత్రం మిగిలాయి. వాటిలో ఒకటైన ఉధనా దర్వాజా దాటి కొంతదూరం పోతే ఖటోదరా. చూడదగిన ప్రదేశాల పట్టికలో ఈ పేరు ఎవరూ చేర్చరు. పారిశ్రామిక వాడ, షెడ్డు వెనుక షెడ్డు, వాటి మధ్య మూడేసి అంతస్తుల ఇరుకు ఇళ్ళు. రంగు వేయని పాలియెస్టరు బట్టను తానులుగా చుట్టి టెంపోలలో కెత్తుతూంటారు. మగ్గాల చప్పుడు మొదటి గంటలో భరించలేననిపించింది. మూడవ గంటకు వినబడటం మానేసింది. వీధి చివర టీ బడ్డీ దగ్గర గుజరాతీ, ఒడియా, మరాఠీ, హిందీలతో పాటు తెలంగాణపు తెలుగూ చెవిని పడింది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నేతపనివారు తరాలుగా ఈ నగరానికి వస్తున్నారు. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడులు కూడ నడిపిందంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చును.

మరునాడు ఇంటి యజమాని ఊళ్ళో లేడు. తాళం చెవి దొరికే వరకు నగరం చూచాను. సూరత్‌కు ఉపద్రవాలు కొత్తకావు. 1664లో శివాజీ సేనలు నగరాన్ని కొల్లగొట్టినప్పుడు ఆంగ్ల వర్తకస్థానాన్ని కాపాడుకొన్న జార్జి ఆక్సిండెన్ 1669లో ఇక్కడే మరణించాడు. కతార్‌గాం వైపున ఉన్న అతని సమాధి గుమ్మటాలతో నవాబుల గోరీవలె వుంటుంది. బ్రతికి వుండగా స్వదేశం చేరలేని వారు పోయిన తరువాతనైనా వైభవం కోరుకున్నారేమో! ఆ కొల్లలోనే ఆంబ్రోజ్ అనే కాపుచిన్ సన్యాసి నివాసాన్ని ముట్టవద్దని శివాజీ ఆదేశించాడని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే వ్రాశాడు. 1837లో మూడు దినాలు మండిన అగ్నిలో తొమ్మిదివేలకు పైగా ఇళ్ళు బూడిద అయ్యాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్తకు లక్షలాది మంది రైళ్ళెక్కి పారిపోయారు. 2006 ఆగస్టులో ఎగువనున్న ఉకాయి ఆనకట్ట నుండి తొమ్మిది లక్షల క్యూసెక్కుల మేర నీరు విడువగా, తాపీనది నగరంలో అత్యధిక భాగాన్ని ముంచివేసింది.

అనువాదకుడిని కనుక నన్ను మరొక సంగతి ఆకర్షించింది. లండన్ మిషనరీ సొసైటీ వారు 1815లో ఇక్కడికి పంపిన స్కిన్నర్, ఫైవీ అనే ఇద్దరు యువకులు గుజరాతీ నేర్చి, 1820ల తొలి సంవత్సరాలలో బైబిలును ఆ భాషలో అచ్చువేశారు. అదే సొసైటీ 1805లో మన విశాఖపట్నానికి క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరిని పంపింది. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో వారు సువార్తలను తెలుగు చేయసాగారు. 1809లో క్రాన్, మరుసటి ఏడాది డెగ్రాంజెస్ కన్నుమూశారు. వారు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. చూచుకోవడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. కొత్త నిబంధనను పూర్తిచేసిన ప్రిచెట్ సైతం 1820లో పోయాడు. తుఫానును గద్దించి అణచిన యేసు కథకు తెలుగు మాటలు వెదికిన వారి పడవలు ఏవీ ఒడ్డు చేరలేదన్నమాట.

ఈ ఆలోచనకు కారణం లేకపోలేదు. తమ్ముడు పోయేనాటికి నేను ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. దుఃఖంలో దేవుడిచ్చే ఓదార్పును గురించిన పుస్తకమది. సగంలో ఆగిపోయాను. పుస్తకమంతటా ‘కంఫర్ట్’ అనే మాటే. దాని లాటిన్ మూలంలో ‘బలపరచడం’ అన్న అర్థమున్నది. ఇప్పటి ఇంగ్లీషులో అది మెత్తని కుర్చీకి చెల్లుతున్నది. మన బైబిలులో పరిశుద్ధాత్మకు ‘ఆదరణకర్త’ అని పేరు. నేను ఒకచోట ఆదరణ అని, ఒకచోట ఓదార్పు అని, ఒకచోట నెమ్మది అని వ్రాస్తూ పోయాను. మా అమ్మ ప్రశ్న మొదలైన తరువాత ఆ మూడు మాటలూ కాగితం మీది సిరాగానే కనిపించాయి. ఎం.ఏ.లో హాప్‌కిన్స్ కావ్యం చదివాను. 1875 డిసెంబరులో డాయిష్‌లాండ్ అనే నౌక పగిలి అయిదుగురు సన్యాసినులు మునిగిపోయిన ఘటనపై, ఏళ్ళ తరబడి మౌనంగా ఉన్న ఆ కవి వ్రాసినదది. పరీక్షలో దాని ఛందస్సును గురించి నాలుగు పుటలు నింపినట్లు గుర్తు. ఆ సన్యాసినుల తల్లులను గురించి ఒక్క వాక్యం వ్రాయలేదు.

ఆదివారం సాయంత్రం తమ్ముడి పక్కగదిలో ప్రార్థన జరిగింది. ప్రతి వారమూ జరుగుతుందట. పదునైదు మంది వున్నారు, ఆడవారే ఎక్కువ. చాపలు, గోడకు ఒక గడియారం, మూలను కుట్టుమిషను. కింది షెడ్డులో మగ్గాలు ఆగలేదు, పాట వాటికి అనుగుణంగా సాగింది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి పాడారు. 1803లో పుట్టిన ఆ కవి పాట రెండు వందల ఏళ్ళకు ఇటు ఇంత దూరాన ఇలా బ్రతుకుతుందని ఎవరూహిస్తారు! చదివిన భాగం మార్కు సువార్త నాలుగవ అధ్యాయం: అలలు పడవను నింపుతున్నా యేసు తలగడపై నిద్రించడం, శిష్యులు లేపడం. చదివిన పిల్లవాడి చేతిలోని బైబిలు అంచులు ఉబ్బి, గోధుమరంగు చారలు కట్టి వున్నవి.

అందరూ వెళ్ళాక ఆ గది యజమానురాలు నాకు టీ ఇచ్చింది. డెబ్బై యేళ్ళ మనిషి. ముప్పై అయిదేళ్ళ క్రితం భర్త వెంట సిరిసిల్ల నుండి వచ్చిందట. భర్త లేడిప్పుడు. ఆ బైబిలు 2006 వరదలో నానినదే. కింది అంతస్తు మునగగా, నాలుగు కుటుంబాలు మూడు దినాలు మేడమీద గడిపాయట.

“ప్రార్థన చేస్తే నీళ్ళు తగ్గాయా అమ్మా?” అన్నాను. కొంచెం ఎత్తిపొడుపు వున్నదేమో నా గొంతులో.

ఆమె నవ్వింది. “యాడ తగ్గినయ్ బిడ్డా. డ్యాం కాడ్నుంచి ఇడుసుడు ఆపితెనే తగ్గినయ్.”

“మరి?”

“మరేంది? ఆయన గూడ మాతోటే పడవల ఉన్నడు. పండుకున్నడో, లేసున్నడో నాకేమెరుక. ఉన్నడు గద.”

ఇంతకు మించి ఆమె చెప్పలేదు. ఇటువంటి మాటలు నా పుస్తకంలో వుంటే నేను వాటికి నున్నని వాక్యం తొడిగి వుండేవాడిని. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెనలో, నాగాయలంక దగ్గరి పల్లెలో బడి డాబా మీద తెల్లవార్లూ నిలబడిన మా అమ్మ కూడ దేవుడు తుఫాను ఆపాడని ఏనాడూ చెప్పలేదు. ఎవరి చేయి పట్టుకొని నిలబడిందో మాత్రం చెప్పేది.

అప్పుడు అడిగాను. తమ్ముడు పోయిన రాత్రి ఒంటిగంటకు గోడ తట్టాడట. ఆమె వెళ్ళేసరికి నేల మీద కూర్చుని వున్నాడు, ఒళ్ళంతా చెమట. మనవడిని అంబులెన్సుకు పంపించి తాను కూర్చున్నది. నలభై నిముషాలకు గాని బండి రాలేదు. దారిలో పోయాడు. బండిలోనూ ఆమె వున్నది.

“వాడేమన్నా అన్నాడా?”

“అమ్మా అన్నడు. నన్నో, మీ అమ్మనో తెల్వది. ఊ అన్న.”

“మీరేమైనా చెప్పారా? ప్రార్థన చేశారా?”

“నోరు రాలే బిడ్డా. అరికాళ్లు సల్లగైనయ్. రాసుకుంట కూసున్న.”

నేను కొంతసేపు ఏమీ అనలేకపోయాను. కింద ఎవరో మగ్గం ఆపి దారం అతికి మళ్ళీ నడిపించారు. తరువాత ఫోను తీసి మా అమ్మకు కలిపి, ఈమె చేతికిచ్చి, బయట వరండాలోకి వచ్చి నిలబడ్డాను.

వారిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఒకరిది కృష్ణాతీరపు తెలుగు, ఒకరిది మానేరు తీరపుది. ఎంత అర్థమయిందో తెలియదు. తలుపు వార నుండి ఈమె గొంతే వినిపించింది. ఎక్కువగా “అవునమ్మా, అవును” అన్న మాటే. మధ్యలో ఒకసారి ఇద్దరూ మౌనంగా వున్నట్లు తోచింది.

ఆమె బయటికి వచ్చి ఫోను నా చేతిలో పెట్టింది. “ఛార్జింగు అయిపాయెనేమో జూసుకో బిడ్డా” అని, గది సామాను కట్టడానికి తాడు వున్నదా అని అడిగింది. లేదన్నాను. లోపలికి వెళ్ళి బట్టల తానుకు చుట్టి వచ్చే నైలాను తాడు ఒక చుట్ట తెచ్చి ఇచ్చింది.