దాయాదుల గురించి రెండు ఉత్తరాలు

నంద్యాల

చిన్నాన్నగారికి,

రాజ్యాలను ముంచింది దాయాదులేనని, వారసుడు ఒక్కడే అయితే ఏ పేచీ ఉండదని మీరు ఎప్పుడూ అంటారు. నంద్యాలకు వచ్చాక ఆ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది. ఈ ఊరి చరిత్రే దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. ఆరవీటి బుక్కరాజుకు ఇద్దరు భార్యలు. అబ్బలదేవి కొడుకు సింగరాజు సంతతి నంద్యాల సీమను ఏలింది. బల్లాంబిక కొడుకు రామరాజుకు మనవడు అళియ రామరాయలు, కృష్ణదేవరాయల అల్లుడు. 1565లో తళ్లికోట దగ్గర రామరాయలు చనిపోయాక తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండ చేరి, కొన్నేళ్లకు తానే పట్టం కట్టుకున్నాడు. ఒకే మూలపురుషుడి సంతతిలో ఒక శాఖకు సామ్రాజ్యం దక్కింది, ఇంకొక శాఖకు కుందూ ఒడ్డున ఈ నల్లరేగడి సీమ దక్కింది. మీ లెక్క ప్రకారం ఇక్కడ తరతరాల కడుపుమంట రగలాలి. కానీ నంద్యాల కృష్ణమరాజు పేరు ఈనాటికీ మనకు తెలుస్తున్నది గద్దె కోసం చేసిన పోరు వల్ల కాదు, పింగళి సూరన చేత కళాపూర్ణోదయం అంకితం తీసుకున్నందువల్ల. చేతిలో సొంత సీమ, వాకిట్లో కవులు, దండులో గౌరవం ఉన్నవాడు దాయాది ఇంటి కిరీటం వైపు చూడాల్సిన పని తక్కువ. కాబట్టి దాయాదులు ఎందరన్నది కాదు, వాళ్ల చేతిలో ఏం పెట్టారన్నదే అసలు సంగతి అని నా వాదం.

దీనికి ఇంగ్లండు నార్మన్ రాజుల కథ పక్కన పెట్టి చూడండి. 1087లో విలియం చనిపోతూ పెద్దకొడుకు రాబర్టుకు నార్మండీ, తర్వాతివాడు రూఫస్‌కు ఇంగ్లండు ఇచ్చి, చిన్నవాడు హెన్రీకి అయిదు వేల పౌన్ల వెండి మాత్రం మిగిల్చాడు. డబ్బిచ్చాడు గానీ జానెడు నేల ఇవ్వలేదు. 1100 ఆగస్టు 2న రూఫస్ వేటలో బాణం తగిలి చనిపోగానే హెన్రీ నేరుగా వించెస్టరులోని ఖజానా దగ్గరికి పరుగెత్తాడు, 5వ తేదీకి కిరీటం పెట్టుకున్నాడు. 1106లో అన్నను యుద్ధంలో పట్టుకుని చెరలో వేశాడు. రాబర్టు 1134లో ఆ చెరలోనే కన్నుమూశాడు. ఆ తర్వాతి ఆంజు వంశంలో రెండో హెన్రీ ఇంకో రకం పొరపాటు చేశాడు. 1170లో తాను బతికుండగానే పెద్దకొడుక్కి పట్టాభిషేకం చేయించాడు, కానీ ఏలుకోవడానికి నేల ఇవ్వలేదు. పైగా చిన్నకొడుకు జానుకు మూడు కోటలు రాసివ్వబోయాడు. 1173లో కొడుకులు తండ్రి మీదే తిరగబడ్డారు.

వారసుడు ఒక్కడే ఉంటే మేలు కదా అన్న మీ మాటకూ అక్కడే జవాబు ఉంది. అన్నను చెరలో వేసిన ఆ మొదటి హెన్రీకి ధర్మపత్ని వల్ల కలిగిన కొడుకు ఒక్కడే. 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి ఆ ఒక్కడూ పోయాడు. కూతురు మటిల్డాను ఒప్పుకుంటామని 1127లో ప్రభువులంతా ప్రమాణం చేశారు. 1135లో రాజు చనిపోగానే మేనల్లుడు స్టీఫెన్ గద్దెక్కాడు. 1153లో ఒప్పందం కుదిరేదాకా దేశం అంతర్యుద్ధంలో నలిగింది. ఒంటి స్తంభం మీద నిలబెట్టిన మేడ అది.

మీ కుమారుడు

*

ఆళ్లగడ్డ

చిన్నాన్నగారికి,

సీమలు పంచిపెడితే కేంద్రం చిక్కిపోదా అని మీరు అడుగుతారు. గట్టి ప్రశ్నే. తిరుమలరాయలు కొడుకులకు పెనుగొండ, శ్రీరంగపట్నం, చంద్రగిరి అని పాలనను పంచాడు. సామ్రాజ్యం పలచబడిందన్నది నిజం. అయితే ఆ పంపకం వల్ల ఏం నిలబడిందో కూడా చూడాలి. ఆళ్లగడ్డ శిల్పుల పనిముట్ల చప్పుడు దాటి నల్లమల వైపు సాగితే అహోబిలం. 1579 ప్రాంతంలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేన హండె నాయకుల సాయంతో ఆ క్షేత్రాన్ని ఆక్రమించింది. అహోబిల మఠం శఠకోప జీయరు, తిరుమలరాయల కొడుకు శ్రీరంగరాయలకు మొరపెట్టుకున్నారు. రాయలు పంపినవాళ్లు ఎవరు? కొండ్రాజు తిరుమలరాజు, కొండ్రాజు వెంకటరాజు, అదే ఆరవీటి వంశపు మరో కొమ్మ. వాళ్లు క్షేత్రాన్ని విడిపించిన సంగతి 1584 నాటి అహోబిల శాసనంలో ఉంది. పెనుగొండ బలం క్షీణించిన రోజుల్లో కాపాడింది ఆ పలచబడిన కొమ్మలే. దాయాదులు లేని రాజు అప్పుడు ఎవరిని పంపేవాడు?

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన పోలిక ఇంకొకటుంది. 1199లో రెండో హెన్రీ కొడుకు రిచర్డు చనిపోయినప్పుడు ఇంగ్లండు ముందు నిలిచిన ప్రశ్న: తమ్ముడు జానా, జానుకు అన్న అయిన జెఫ్రీ కొడుకు ఆర్థరా? 1586 ప్రాంతంలో శ్రీరంగరాయలు సంతానం లేకుండా పోయినప్పుడు మన ముందూ అచ్చం అదే ప్రశ్న: తమ్ముడు వెంకటపతిరాయలా, శ్రీరంగపట్నంలో అప్పటికే చనిపోయిన ఇంకో అన్న రామరాజు కొడుకులా? రెండుచోట్లా పినతండ్రే గెలిచాడు. జాను 1202లో ఆర్థరును పట్టుకున్నాడు. మరుసటి ఏడు ఆ కుర్రవాడు చెరలో మాయమయ్యాడు. 1204కల్లా నార్మండీ జాను చేయి జారింది. వెంకటపతి అన్న కొడుకుల్ని చెరలో వేయలేదు. పెద్దవాడు తిరుమలను శ్రీరంగపట్నంలోనే ఉండనిచ్చాడు. 1610లో మైసూరు రాజ ఒడయరు ఆ కోటను పట్టుకున్నాడు, అది నష్టమే, కాదనను. కానీ ఇరవై ఎనిమిదేళ్లు ఏలి 1614లో అవసాన దశకు వచ్చినప్పుడు వెంకటపతి రాజముద్రిక ఉంగరాన్ని ఇచ్చింది ఆ అన్న రెండో కొడుకు శ్రీరంగడికే. ఒకప్పుడు పక్కకు నెట్టిన శాఖకే గద్దెను తిరిగి అప్పగించడం ఇంగ్లండు జాను ఊహకు కూడా అందని పని.

ఆ శ్రీరంగడినే కొద్ది నెలల్లో భార్యతో, చేతికి చిక్కిన బిడ్డలతో సహా వేలూరులో చంపారు కదా, ఇంత ఔదార్యం ఏం సాధించిందని మీరు అడగకుండా ఉండరు. చంపించింది దాయాది కాదు, వెంకటపతి రాణి పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయుడు. రాణి కొడుకని చెప్పిన ఒక పిల్లవాణ్ణి అడ్డం పెట్టుకుని, రాజ్యం తన చేతికి రావాలని కోరినవాడు. అతనికి వంశంలో పాలు లేదు, అందుకే అతనికి దొంగ వారసుడు కావలసి వచ్చాడు. వెలుగోటి యాచమనాయుడు చేసిన పని దీనికి పూర్తిగా విరుద్ధం. శ్రీరంగడి కొడుకు రామదేవుణ్ణి ఒక చాకలి బట్టల మూటలో దాచి కోట దాటించాడని ఆ కాలపు జెసూట్ మతగురువు బర్రదాస్ రాశాడు. కాపలావాళ్ల కళ్ల ముందే మాసిన బట్టల మధ్య ఊపిరి బిగబట్టుకుని ఒక పిల్లవాడు, ఆ మూట భుజాన మోసిన ఒక మనిషి. ఆ చాకలి పేరు చరిత్రలో ఎక్కడా మిగలలేదు, ఆరవీటి గద్దె ఆ ఘడియలో అతని భుజం మీదే ఉంది. తర్వాత తొప్పూరు యుద్ధంలో జగ్గరాయుడు హతుడయ్యాడు. తంజావూరు రఘునాథనాయకుడి అండతో రామదేవుడు పట్టాభిషిక్తుడయ్యాడు. వెంకటపతి పినతండ్రిగా ఆ అన్న కొడుకుల్ని ముందే తుడిచిపెట్టి ఉంటే, యాచముడు కాపాడడానికి ఆ మూటలో ఎవరుండేవారు, చిన్నాన్నా? మీ జవాబు అహోబిలం మఠం చిరునామాకు రాయండి.

మీ కుమారుడు