పొలమారడం రికార్డుకెక్కే తీరు

తిన్న ఆహారం, ఉమ్మి, కడుపులోంచి పైకి తన్నుకొచ్చే ద్రవం స్వరతంతువులు దాటి పదేపదే ఊపిరితిత్తుల్లోకి జారడమే క్రానిక్ ఆస్పిరేషన్. ఒక్కసారి గట్టిగా పొలమారితే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. రోజూ కొద్దికొద్దిగా జారేది ఎవరికీ పట్టదు. భోజనం దగ్గర పెద్దాయన దగ్గితే ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని నెత్తిన తట్టి ఊరుకునే ఇళ్లలో ఆ దగ్గు సంగతి డాక్టర్ దాకా రావడమే అరుదు. పక్షవాతం, పార్కిన్సన్స్ రోగుల్లో కొందరికైతే దగ్గు కూడా రాదు. 1996లో రోజెన్‌బెక్ బృందం ప్రకటించిన ఎనిమిది మెట్ల కొలమానంలో ఎనిమిదో మెట్టు ఇదే: పదార్థం స్వరతంతువుల కిందికి దిగినా శరీరం దాన్ని బయటికి నెట్టే ప్రయత్నం చేయదు.

వార్డుల్లో తరచూ కనిపించే వరుస ఒకటుంది. పక్షవాతం నుంచి కొంత తేరుకుని ఇంటికెళ్లిన రోగి కొన్ని నెలలకు జ్వరం, ఆయాసంతో తిరిగొస్తాడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ. కేస్‌షీట్‌లో ‘న్యుమోనియా’ అని ఒక్క మాట, యాంటీబయాటిక్స్, డిశ్చార్జి. రెండోసారి డ్యూటీ డాక్టర్ వేరు, రాసిన మాట అదే. మూడోసారి నర్సు నోట్‌లో ‘నీళ్లు తాగితే దగ్గు, గొంతులో గరగర’ అని ఉంటుంది. డాక్టర్ నోట్‌లో అది కనిపించదు. ఈ ఫైలు అందుకుని డాక్టర్ రాతకు రోగాల కోడ్‌లు వేసే కోడర్ వేయగలిగేది జె18.9, అంటే కారకం తేలని న్యుమోనియా. నర్సు రాత చదివి సొంతంగా రోగ నిర్ధారణ చేసే అధికారం కోడర్‌కు లేదు, ఉండకూడదు కూడా.

జె18.9 అమెరికా వాడే రోగాల కోడ్‌ల పట్టిక ఐసీడీ-10-సీఎంలోది. అక్కడ ఆ పట్టిక 2015 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. హైదరాబాద్ ఆఫీసుల్లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల ఫైళ్లకు కోడ్‌లు వేసే తెలుగువాళ్లకు జె69.0 బాగా పరిచయం: ఆహారం, వాంతి ఊపిరితిత్తుల్లోకి చేరడం వల్ల వచ్చిన న్యుమోనైటిస్. చిక్కేమిటంటే, అది ఊపిరితిత్తి దెబ్బతిన్నప్పటి కోడ్. న్యుమోనియా లేకుండా ఏళ్ల తరబడి సాగే ఆస్పిరేషన్‌కు సరిగ్గా అమరే కోడ్ ఒక్కటీ లేదు. మింగడంలోని ఇబ్బంది, దాని మూలకారణం, ఊపిరితిత్తుల్లో మిగిలిన నష్టం, మూడూ విడివిడిగా కోడ్ చేస్తేనే రోగి పరిస్థితి తెలుస్తుంది. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతం తర్వాతి మింగుడు సమస్యకు ముందు ఐ69.391 వేయాలి, దాని వెంట దశను తెలిపే ఆర్13.1 వర్గంలోని కోడ్. నోరు, గొంతు కలిసే దశలో లోపమైతే ఆర్13.12. మింగడాన్ని ఎక్స్‌రేతో చూసే వీడియోఫ్లోరోస్కోపీ రిపోర్టు ఫైల్లోనే ఉన్నా డాక్టర్ ‘డిస్ఫేజియా’ (మింగడంలో ఇబ్బంది) అని మాత్రమే రాస్తే, దక్కేది ఏ దశో చెప్పని ఆర్13.10.

అనుమానాన్ని రాసే పద్ధతికీ నియమముంది. ఇన్‌పేషెంట్ డిశ్చార్జి సమయానికి కూడా ‘బహుశా ఆస్పిరేషన్ న్యుమోనియా’ అనే ఉంటే దాన్ని ఉన్నట్టుగానే కోడ్ చేయవచ్చు. అదే మాట ఓపీ చీటీలో ఉంటే కుదరదు. దగ్గు, జ్వరం వంటి లక్షణాలకే కోడ్ వేయాలి. సందేహమొస్తే కోడర్ డాక్టర్‌కు క్వెరీ పంపుతాడు. అందులో ‘ఇది ఆస్పిరేషనే కదా’ అని నోటికి అందించకూడదు. ఫైల్లోని ఆధారాలు చూపి, ‘మరేదైనా’, ‘తేల్చలేం’ అనే జవాబులకూ చోటిచ్చి అడగాలి. ఇంత జాగ్రత్తకు డబ్బు కూడా ఒక కారణం: జె69.0 ప్రధాన నిర్ధారణ అయితే కేసు సాధారణ న్యుమోనియా కంటే ఎక్కువ చెల్లింపు ఉన్న వర్గంలోకి వెళుతుంది. ఆడిటర్ల చూపు మొదట పడేదీ అక్కడే. మింగుడు పరీక్ష, ఎక్స్‌రేలో మచ్చ ఉన్న చోటు, ఎంచుకున్న మందు, ఇవేవీ నోట్‌లో లేకుండా పేరు మాత్రమే ఉంటే ఆ కోడ్ నిలవదు.

సెరిబ్రల్ పాల్సీ పిల్లల ఫైళ్లలో మరో లోటు కనిపిస్తుంది. కడుపులోకి గ్యాస్ట్రోస్టమీ ట్యూబు వేశాక ఫైల్లో ట్యూబు ఉందని చెప్పే జెడ్93.1 మాత్రమే మిగిలి, మింగుడు సమస్య మాయమవుతుంది. ట్యూబు ఆపేది నోటి ద్వారా వెళ్లే ఆహారాన్నే. ఉమ్మి జారుతూనే ఉంటుంది, రిఫ్లక్స్ ఉంటే కడుపులోని పాలు కూడా పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోగలవు. అందువల్ల ట్యూబు ఉన్న పిల్లల ప్రతి విజిట్‌లోనూ డిస్ఫేజియా, రిఫ్లక్స్ ఇంకా కొనసాగుతున్నాయో లేదో డాక్టర్ విడిగా రాయాలి.